టపామనిషి చదివిన ఉత్తరం

ఉదయం ఎనిమిదిన్నర ట్రాములో నలభై మంది ఉన్నారు. నలభై సినిమాలు నడుస్తున్నాయి. ఒకాయన పకపకా నవ్వుతుంటే పక్కనే కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఒకరి వంక ఒకరు చూడటం లేదు. చెవి వెనక అతికించుకున్న నాడిబిళ్ళ ప్రతి మనిషి గుండె వేగాన్నీ గమనిస్తూ, అతనికి నచ్చే కథను అప్పటికప్పుడు అల్లి కళ్ళ ముందు ఆడిస్తుంది. విసుగు పుట్టేలోపే కథ మలుపు తిరుగుతుంది. దాని పేరు మనోచిత్రం. అది వచ్చాక విశాఖలో చివరి సినిమాహాలు మూతపడి పద్నాలుగేళ్ళయింది.

ఇంద్రాణి మనోచిత్రం నడిపే సంస్థలోనే అభిరుచి పరిశీలకురాలు. సంస్థ చేతికొచ్చిన పాత ఫిల్మ్ క్లబ్బు భాండాగారంలోని కొన్ని విదేశీ చిత్రాలు మనోచిత్రం యంత్రానికి అంతుపట్టలేదు. వాటిని చూసి, పనికిరావని ఆమె సంతకం పెడితే చెరిపేస్తారు.

భాండాగారం చూసుకునే సన్యాసిరావు క్లబ్బు హాల్లో చుట్టి ఉన్న తెరను కిందికి దించాడు. "ఇది కిర్గిజ్ సినిమా అమ్మా. కింద అక్షరాలు కూడా నేవు. ఓపికుందేటి?"

మంచుకొండల్లో ఒక టపామనిషి, నడివయసు స్త్రీ, ఒక ఉత్తరం పట్టుకుని నడుస్తోంది. పావుగంట గడిచినా నడుస్తూనే ఉంది. ఇంద్రాణికి చిరాకు పుట్టింది. అయినా కథ ఆమె కోసం మలుపు తిరగలేదు. ఇక చేసేది లేక చూడసాగింది. ఆ స్త్రీ ఊపిరి పొగలా లేవడం, ఒక బూటు కర్రుకర్రుమనడం, దూరాన కుక్క ఆగి చూడటం. కాలేజీ రోజుల్లో ఇదే హాల్లో ఇరాన్, సెనెగల్ చిత్రాలు చూసి, బీచి పొడవునా వాదించుకుంటూ నడిచిన సాయంత్రాలు గుండెలో కదిలాయి. చివరకు టపామనిషి ఆ ఇంటికి చేరేసరికి, ఉత్తరం అందుకోవలసినవాడు చనిపోయి ఉన్నాడు. ఆమె అతని సమాధి దగ్గర కూర్చుని, ఉత్తరం విప్పి, వాళ్ళకు తెలియని ఆ భాషలో బిగ్గరగా చదివింది.

"ప్రేమించిన మనిషి రాసుంటుంది," అంది ఇంద్రాణి.

"కాదమ్మా. తోడబుట్టినోడు. పాతికసార్లు సూసేను."

"కాదండీ!"

గంటసేపు వాదించుకున్నారు. తనతో ఎవరైనా 'కాదు' అని ఎన్నాళ్ళయిందో ఇంద్రాణికి గుర్తు రాలేదు. సంతకం చేయవలసిన చోట, "చెరపవద్దు. చూడటం ఇంకా పూర్తి కాలేదు," అని రాసింది. పై అధికారి సంజాయిషీ అడిగాడు. ఉద్యోగం పోయినా సరే, మాట మార్చనంది.

శనివారం భర్త చక్రపాణిని బతిమాలి తీసుకొచ్చింది. తనతో ఒకే గోడల మధ్య ఉంటూ పద్నాలుగేళ్ళు వేరే చిత్రాలు చూసిన మనిషి అతను. సినిమా అయ్యేదాకా ముందుకు వంగి చూశాడు.

"ఎవరు రాసుంటారు, చెప్పండి," అందామె.

"ఎవరూ రాయలేదు," అన్నాడు చక్రపాణి నెమ్మదిగా. "అది ఖాళీ కాగితం ఇంద్రా. ఆవిడ కళ్ళు వరసల వెంట కదల్లేదు. అంత దూరం వచ్చి వట్టి చేతులతో పోలేక, తనే అల్లి చదివింది."

సన్యాసిరావు నోరు తెరుచుకుని చూశాడు. "పాతికసార్లు సూసినా నాకు తట్టనేదు బాబూ!"

ఇంద్రాణి తెర వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా తనతో కాపురం చేస్తున్న ఈ మనిషి ఇంతగా చూడగలడని ఆమెకు ఇప్పుడే తెలిసింది.