రెండో పాట అయిపోయాక

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పాలకుర్తి పోయే దారిలో మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. పొద్దుగూకిందంటే దాని ముందు ఎవరూ బండి ఆపరు. లోపలి నుంచి ఆడమనిషి పిలుస్తుందనీ, ఆ పిలుపుకు పలికినవాడు ఏడాది తిరక్కుండా పోతాడనీ పేరు. నేను దెయ్యాలను నమ్మను. కానీ అక్కడికి రాగానే కారు అద్దం పైకి ఎక్కిస్తాను. ధైర్యం వేరు, జాగ్రత్త వేరు కదా.

ఇది భానుచందర్ నాకు చెప్పిన సంగతి. అతనిది పాలకుర్తి పక్క పల్లె. తండ్రి ఉప్పలయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వరంగల్ దవాఖానలో డయాలసిస్ చేయించాలి. రెండుసార్లు వరుసగా తప్పితే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. బస్సుల్లో ఆ పెద్దమనిషి తట్టుకోలేడని, ఖిలా వరంగల్‌లో ఇమాం పాషా అనే ఆయన దగ్గర పాత కారు కొన్నాడు భాను. ముందు స్పీకర్లు పనిచేయవు, వెనకది ఒక్కటే మోగుతుంది. పాటల పెన్ డ్రైవ్ కూడా స్టీరియోకు పెట్టినట్టే వచ్చింది.

దవాఖానలో వాళ్ల వంతు అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. తండ్రి వెనక సీట్లో కునుకు తీస్తాడు కాబట్టి ఘన్‌పూర్ దాకా పాటలు పెట్టడు. అక్కడ బండి ఆపి భాను ఒక చాయ్, తండ్రి కొలిచి అరకప్పు. ఆ తర్వాత తనకు నిద్ర రాకుండా స్టీరియో చిన్నగా పెడతాడు.

మొదటి రాత్రి... రెండు పాటలు అయిపోయాయి. మూడోది రాలేదు. కారులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదుట హెడ్‌లైట్ల వెలుగులో మిల్లు గోడ కనిపించింది.

అప్పుడు – వెనక నుంచి –

“ఇంక ఎంతసేపు...? బువ్వ సల్లారుతాంది... జల్ది రా...”

ఆడగొంతు. గుసగుసగా, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు. తిరిగి చూసే ధైర్యం లేక భాను యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. మిల్లు దాటింది... పాట మళ్లీ దానంతటదే మొదలైంది.

“ఇన్నవా బిడ్డా?” అన్నాడు ఉప్పలయ్య చీకట్లోంచి.

“ఏంది బాపూ?”

“మీ అమ్మరా... రాజక్క. నన్ను పిలిచింది.”

భానుకు రెండేళ్లు నిండకముందే తల్లి పోయింది. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. కాదని ఎట్లా చెబుతాడు?

తర్వాత వంతుకూ అంతే. అదే మిల్లు, అదే నిశ్శబ్దం... అదే పిలుపు. ఈసారి ఉప్పలయ్య “వస్తాన్న రాజీ...” అని పలికాడు.

ఆ తర్వాత ఉప్పలయ్య దవాఖానకు రానన్నాడు.

“ఇగ సూదులు సాలు బిడ్డా. బువ్వ పెట్టుకొని కూసున్నది. ఎన్నేండ్లు కూసుంటది పాపం?”

ఒక వంతు తప్పింది. కాళ్లు పొంగాయి, పడుకుంటే ఆయాసం. తెల్లారితే రెండో వంతు. అది కూడా తప్పితే తండ్రి ఉండడు. భాను బతిమాలాడు, కాళ్లు పట్టుకున్నాడు, చివరికి ఒక్కటే అడిగాడు: “దవాఖానకు వద్దు బాపూ. బండి అమ్మినాయన దగ్గరికి పోదాం. ఈ బండిల ఎవరన్నా సచ్చిన్రేమో అడుగుదాం.”

దానికి మాత్రం ఒప్పుకున్నాడు ముసలాయన.

కోట గోడ పక్క సందులో ఇమాం పాషా ఇల్లు. చేరేసరికి చీకటి పడింది. తండ్రిని కారులోనే ఉంచి, అద్దం దించి, భాను తలుపు కొట్టాడు. ఇమాం పాషా బయటికొచ్చాడు.

“పాషా భాయ్, నిజం చెప్పు. ఈ బండిల ఎవరన్నా పానం ఇడిసిన్రా?”

ఇమాం పాషా నోరు తెరిచాడు. జవాబు రాకముందే –

లోపలి చీకట్లోంచి –

“ఇంక ఎంతసేపు? బువ్వ సల్లారుతాంది... జల్ది రా!”

వెనక కారు తలుపు తెరుచుకుంది. పొంగిన కాళ్లు ఈడ్చుకుంటూ ఉప్పలయ్య గడప దాకా వచ్చి, గోడ పట్టుకొని, “రాజీ...” అని పిలిచాడు.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. నెత్తిన కొంగు, చేతిలో గరిటె.

“ఎవలన్నా నువ్వు? గట్ల నిలబడ్డవేంది? కూసో!”

ఇమాం పాషా భార్య అనీస్ బేగం. పుట్టింది పల్లెలో, ఇంట్లో మాట్లాడేది తెలుగే. రోజూ మొగుడికి ఫోన్ చేసి తిండికి పిలవడం ఆమె అలవాటు. అతని ఫోన్ ప్రతి కాల్‌నూ దానంతటదే రికార్డు చేసి దాచుకుంటుంది. ఫోన్లో పాటలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించమని మొబైల్ షాపులో ఇస్తే, షాపువాడు ఏది పాటో ఏది మాటో చూడకుండా అన్నీ కలిపి ఎక్కించాడు. ఆ బద్ధకపు షాపువాణ్ని నేనే. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాత స్టీరియో కదా, బండి ఆపి తీసిన ప్రతిసారీ మొదటి పాట నుంచి అందుకుంటుంది. మూడోది అనీస్ బేగం మాట, దానికి ముందు కాసేపు చప్పుడుండదు. ఘన్‌పూర్‌లో చాయ్ తాగి బయలుదేరితే, మూడోది వచ్చే వేళకు మిల్లు వస్తుంది. అంతే. పగలు రోడ్డు గోలలో ఎవరు విన్నారు గనుక?

ఇమాం పాషా కారులో కూర్చొని అది పెట్టి వినిపించాడు. తన గొంతు తానే విని అనీస్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. భాను కూడా నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

ఉప్పలయ్య నవ్వలేదు.

“అయితే... పిలిచింది మీ ఆయన్నేనా చెల్లే?”

“మరెవల్ని పిలుస్తనన్నా?”

ఆయన గడప మీద కూలబడ్డాడు. ఆ మొహం చూసి నవ్విన ఇద్దరికీ తప్పు చేసినట్టనిపించిందట. రాజక్క పిలవలేదని తెలియడం ఆయనకు ఇంకోసారి ఆమె పోయినట్టే అయింది.

ఆఖరికి కొడుకు భుజం పట్టుకొని లేచాడు.

“రాజి పిలుస్తలేదట బిడ్డా. రేపు దవాఖానకు ఎన్ని గంటలకు పోవాలె?”