మినీ బైకూ, గౌరీశ్వరి గాబరా

"బాబూ, టీ సల్లారిపోతంది. తాగీసి సేసుకో" అంది గౌరీశ్వరి, పెరట్లో వెల్డింగ్ చేస్తున్న మనిషితో, కళ్ళు చెదరకుండా మొహం పక్కకు తిప్పుకుని.

నిప్పురవ్వలు ఆగాయి. నల్లటి మాస్క్ పైకి లేచింది. లోపల ముక్కుపుడక, చెమటకి నుదుటికి అతుక్కున్న ముంగురులు, నవ్వు ఆపుకుంటున్న కళ్ళు.

"బాబు కాదాంటీ. నాను సాయిదుర్గని."

మామూలు మనిషయితే ఆశ్చర్యపోయి ఊరుకునేది. గౌరీశ్వరికి ఆ కాసేపట్లోనే నిప్పురవ్వ ఎగిరి పక్కింటి కర్టెన్ అంటుకోవడం, వన్ టౌన్‌లోని తమ ఇరుకు సందులోకి ఫైరింజన్ పట్టకపోవడం, మర్నాడు పేపర్లో తన ఫొటో పడటం, అందులో తను మాసిన చీరలో ఉండటం కూడా కనిపించేశాయి.

ఆమె కొడుకు సాయిశంకర్ పోర్టులో క్రేన్ల మెకానిక్. కొన్నాళ్ళుగా ఇంటి వెనక పైపులు కోసి, వంచి, మోకాలెత్తు రేసింగ్ బైకుకి ఫ్రేమ్ కడుతున్నాడు. తగరపువలస దాటాక ఎక్కడో గో-కార్ట్ ట్రాక్ మీద ఇలాంటి బుల్లి బైకులకు పోటీలున్నాయట. అతకడానికి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు వెల్డింగ్ చేసే ఈ దుర్గని తీసుకొచ్చాడు.

"ఈ సీటు మీద నువ్వెలా కూకుంటావ్? మోకాళ్ళు సెవులకి తగుల్తాయి" అంది దుర్గ, ఫ్రేమ్ చుట్టూ తిరిగి.

"నా మోకాళ్ళు నా ఇష్టం. నువ్వు అతుకు సూసుకో."

"కొలత టేపు తలకిందులుగా పట్టుకున్నావేటి?"

శంకర్ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి చూస్తున్న గౌరీశ్వరి జ్వరమేమోనని మాత్ర తీసి పెట్టింది. దుర్గ రానని చెప్పిన సాయంత్రం కూడా వాడు తల దువ్వుకుని వీధి గుమ్మంలో నిలబడటం చూశాకే, అది మాత్రకు తగ్గే జ్వరం కాదని తెలిసింది.

పిల్ల నచ్చింది. బైకే నచ్చలేదు. వద్దంటే వాడు మానడు. అందుకని తనకు తెలిసిన రక్షణ తను చేసింది. రాత్రి శంకర్ థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి పెట్టిన పైపులకి, పొద్దున వాడు డ్యూటీకి వెళ్ళగానే, గడపకి రాసినట్టు పసుపు కలిపిన నువ్వులనూనె పట్టించేది. కొడుకు కంటపడితే తిడతాడని పసుపు మరకని కొంగుతో తుడిచేసేది. తన తెలివికి తనే మురిసిపోయేది.

సాయంత్రం దుర్గ అతికించిన చోటల్లా జల్లెడలా చిల్లులు పడేవి. కోసి మళ్ళీ అతికితే మళ్ళీ అంతే. ఓ వాన సాయంత్రం ఇద్దరికీ ఓపిక పోయింది.

"పైపు తుడవట్లేదు నువ్వు. నూనె సుక్కున్నా అతుకు నిలవదని సెప్పేనా లేదా?"

"అద్దంలా తుడిసేను! నీ సెయ్యే నిలవట్లేదని ఒప్పుకో."

దుర్గ మొహంలో నవ్వు పోయింది. "నా సెయ్యా? మా అయ్య ఈ సేతి అతుకు నమ్ముకునే సముద్రం మీదకి ఎల్తన్నాడు. నీ బొమ్మ బైకుకి పనికిరాదా?"

"బోటుకి సాల్తాదేమో. రేసుకి సాలదు."

దుర్గ మాస్క్ సంచిలో పెట్టుకుని, వానని కూడా లెక్కచేయకుండా వెళ్ళిపోయింది.

నూనె అన్న మాట దగ్గరే వంటింట్లో గౌరీశ్వరికి సంగతి అర్థమైపోయింది. చెబితే బైకు లేచి నిలబడుతుంది, కొడుకు దాని మీద ఎక్కుతాడు. చెప్పకపోతే కొడుకు క్షేమం. కానీ ఆ క్షేమంగా ఉన్నవాడు కంచంలో అన్నం కెలికి లేచిపోతున్నాడు. వాన పడితే చాలు, పెరటి తలుపు తీసుకుని నిలబడుతున్నాడు. ఇన్నాళ్ళూ లేని భయాలన్నీ వెతికి తెచ్చుకున్న మనిషికి, కళ్ళెదుట ఉన్న అసలు భయం ఇప్పుడు కనిపించింది.

ఆదివారం పొద్దున కూరలకని పూర్ణా మార్కెట్‌కి కొడుకు చేత బండి తీయించింది. మార్కెట్ రాగానే వాడి భుజం తట్టింది.

"నేరుగా పోనీరా. హార్బర్‌కి."

"సేపలకా?"

"నోరు మూసుకుని పోనీ."

జెట్టీ దగ్గర దుర్గ వెల్డింగ్ కడ్డీలు సర్దుకుంటోంది. శంకర్‌ని చూసి మొహం తిప్పుకుంది.

"తల్లీ, నీ సెయ్యి మంచిదే" అంది గౌరీశ్వరి. "సెడ్డ సెయ్యి నాది. పైపులకి నూనె రాసీసినాను. పసుప్పెట్టి. రోజూ."

"పైపులకా!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"సివర్లకి ఇంకాస్త ఎక్కువ."

దుర్గ కడ్డీలు వదిలేసి పడీ పడీ నవ్వింది. శంకర్ మాత్రం నవ్వలేదు.

"నీ సేతిని అన్నాను. తప్పయిపోయింది దుర్గా. రేపు రావా?"

"వస్తాను. ముందు ఆ సీటు ఎత్తు పెంచు. నువ్వు పట్టవు."

"పెంచను."

"ఏటీ మొండితనం?"

"అది నా కొలత కాదు. నీది." శంకర్ చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "ఒక్కసారైనా ట్రాక్ మీద బండి తోలాలని తొలిసారి కలిసినప్పుడే అన్నావు కదా. నీకోసమే కడతన్నాను. బైకొక్కటే కాదు, నీకిష్టమైతే నాను కూడా నీకే."

దుర్గ గౌరీశ్వరి వైపు తిరిగింది. "ఆంటీ, ఈడేటంతన్నాడో ఇన్నారా?"

గౌరీశ్వరి వినడం ఎప్పుడో మానేసింది. ఆమె ఊహలో దుర్గ అప్పటికే ట్రాక్ మలుపులో బోర్లా పడి ఉంది.

"నువ్వు తోల్తావా? ఓలమ్మో! మోకాలిసిప్ప పగిలితే? జడ సక్రంలో పడితే? మంచి హెల్మెట్ కొనాల. నాను ట్రాక్ కాడే కూకుంటాను, సెప్తన్నాను!"

శంకర్ మెల్లగా నవ్వాడు. "ఒప్పీసుకుంది."

"ఇదా ఒప్పుకోడం?"

"మా అమ్మ పరాయోళ్ళ కోసం ఇంత గాబరా పడదు."

దుర్గ తల వంచుకుని, కాలి బొటనవేలితో తడి సిమెంటు మీద గీత గీసింది. "అయితే మా అయ్యనొచ్చి అడగండి. సేపల ఏట నించి రేపొస్తాడు."

"ఏటకెల్లేడా?" గౌరీశ్వరి ఉలిక్కిపడి సముద్రం వైపు తిరిగింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా మొహం కూడా చూడని వియ్యంకుడి కోసం అలల్లో వెతకసాగింది. "ఇంత గాలిలోనా? సొక్కా అయినా మందంది ఏసుకున్నాడేటే?"