ఇటుక చర్చిలో చెప్పిన మాట

అమెరికాలో మేముండే నోవై నుంచి గంటసేపు డ్రైవ్ చేస్తే ఆ ఇటుక చర్చి వస్తుంది. చీకటి పడ్డాక అందులో ఒంటరిగా కూర్చోకూడదంటారు. పక్కన ఎవరో వచ్చి కూర్చుంటారట... ఇలాంటివి వింటే నాకు నవ్వొచ్చేది — మా పక్కింటి పరంధామయ్యగారు చెప్పేదాకా.

ఆయనది తణుకు. భార్య పోయాక కూతురు అనురాధ తన దగ్గరికి తెచ్చేసుకుంది. గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేస్తానంటే సరేనన్నారు. లోపల మాత్రం తణుకు వెళ్ళిపోవాలనే ఉంది. ఆ ఒక్క మాట కూతురికి ఎలా చెప్పాలో తెలీక చలికాలమంతా నలిగిపోయారు పాపం.

ఓ శనివారం అనురాధ ఆయన్ని ఆ చర్చికి తీసుకెళ్ళింది. గుడికెళ్ళినట్టే గుమ్మంలో బూట్లు విప్పేశారట. గైడ్ చెప్పిందంతా ఆమె తెలుగులో చెప్పింది — ఆరొందల ఏళ్ళ కిందట జర్మనీలో ఓ పల్లెవాళ్ళు కట్టుకున్న చర్చి అది. ఎవరో కోటీశ్వరుడు కొని, ఇటుక ఇటుకకీ నంబరేయించి, ఓడలో తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టించాడు. నేల కింది సమాధుల్ని మాత్రం అక్కడే వదిలేశారు.

ఇంతలో ఆమెకి ఆఫీస్ కాల్ వచ్చింది. ఇక్కడే కూర్చోమని చెప్పి బయటికెళ్ళింది.

ఆయన చివరి బెంచీ మీద కూర్చున్నారు. సాయంత్రం ఐదింటికే చీకటి. మూసే వేళైందేమో, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి...

బెంచీ కిర్రుమంది. పక్కన ఎవరో కూర్చున్నారు.

అనురాధే అనుకున్నారాయన. మొహం కనపడని ఆ చీకట్లో ధైర్యం వచ్చింది. నేలకేసి చూస్తూ మెల్లగా అన్నారు —

"నేనిక్కడ ఉండలేనమ్మా. నువ్వు బాగానే చూసుకుంటున్నావు... అయినా ఒంటరిగా ఉంది. నన్ను పంపించెయ్యి."

ఓ నిట్టూర్పు వినిపించింది. తర్వాత ఓ చెయ్యి వచ్చి ఆయన చేతిని పట్టుకుంది. ఫ్రీజర్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. గ్లోవ్స్ వేసుకోలేదేమని మందలిస్తూనే, దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చేశారు. అమెరికా వచ్చాక మనసు అంత తేలికపడింది అప్పుడేనట.

అంతలో గుమ్మం దగ్గర ఫోన్ లైట్ వెలిగింది.

"సారీ నాన్నా, కాల్ ఇప్పుడే అయింది. చీకట్లో ఒక్కరే కూర్చున్నారా?"

పక్కన బెంచీ ఖాళీ.

కార్‌లో ఆ మాట మళ్ళీ అనబోయారు. చివరికి హీటర్ పెంచమని అన్నారంతే. అనురాధకి ఇప్పటికీ తెలీదు. మొన్న గ్రీన్‌కార్డ్ వచ్చిందని మా అందరికీ స్వీట్లు పంచింది.

ఆయన నన్ను పక్కకి పిలిచారు. కూతురు వినకుండా అడిగారు —

"బాబూ... చీకటి పడే వేళకి నన్నోసారి ఆ చర్చి దగ్గర దింపుతావా?"