తెలియక ఊపిన తల

"మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు సార్ అని పిల్లలు నన్నే నిలదీస్తున్నారు. ఇది మీ నిర్వాకమేనా?"

మెడలో ఈల ఊగుతుండగా డ్రిల్ మాస్టారు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అడిగాడు. లోపల, కొత్తగా చేరిన సివిక్స్ టీచర్ పేపర్లు దిద్దుతూ తల కూడా ఎత్తలేదు.

"మిమ్మల్ని కాదండీ. తొమ్మిదో తరగతి లీడర్ని ఎవరు ఎన్నుకున్నారని అడిగాను. మీరే పెట్టారట కదా."

"వాడికి గొంతు పెద్దది. వరుసలు కట్టించాలంటే గొంతు కావాలి."

"మిగతావాళ్లకు నోళ్లు లేవా? వాళ్లనీ ఒక మాట అడగొచ్చుగా."

అతను మళ్లీ ఏదో అనబోయేలోగా పక్కగదిలోంచి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. "ఇద్దరూ కలిసి ఎన్నిక పెట్టండి. నాకు తలనొప్పయినా తగ్గుతుంది" అని వెళ్లిపోయింది.

అలా అతను సివిక్స్‌లో పడ్డాడు. ఫుట్‌బాళ్లు వచ్చిన అట్టపెట్టెకు, ఓటు చీటీలు వేసేందుకు బ్లేడుతో చీలిక పెడుతూ అడిగాడు. "ఎవరికి వేశారో మనకు తెలిస్తే ఏమవుతుంది?"

"మీ ఎదుట చెప్పే మాట వేరు, మీరు లేనప్పుడు చెప్పే మాట వేరు. మనకు కావాల్సింది రెండోది" అంది ఆమె.

ఈమె మనసులో నా గురించి ఆ రెండో మాట ఏమై ఉంటుందో అనుకున్నాడతను. బ్లేడు వేలికి తగలబోయి కాస్తలో తప్పింది.

ఆమె ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. అతని జోకులకు నవ్వేది, ఆ నవ్వు ఆగకముందే వాదన పెట్టుకునేది. ఓట్లు లెక్కపెట్టిన రోజు గొంతు పెద్దవాడు ఓడిపోయాడు, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల గెలిచింది. ఓడినవాడి భుజం మీద చెయ్యి వేసి అతను ఏదో చెబుతుంటే ఆమె దూరం నుంచి చాలాసేపు చూసింది. ఆ చూపు పట్టుకుని అతను ఇంటికెళ్లాడు.

సోమవారం చూస్తే కథ మారిపోయింది. గుడ్ మార్నింగ్ అంటే ఆమె ముఖం తిప్పుకుంది. కుర్చీ కిటికీ వైపు జరుపుకుని కూర్చుంది.

ఏం చేశానా అని తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి మధ్యాహ్నం లెక్కల టీచర్ని పట్టుకున్నాడు. ఆవిడ అతని సొంత వదిన.

"వదినా, నేనేమైనా తప్పు చేశానా?"

ఆవిడ చేతులకంటిన సుద్ద దులుపుకుంది. "నువ్వేం చేయలేదు. నేనే శనివారం ఆ అమ్మాయితో మాట్లాడాను. మా మరిదికి నువ్వు నచ్చావు, మీ నాన్నగారిని కలిసి ఖాయం చేసుకుంటామన్నాను."

"నచ్చిందని నీకెవరు చెప్పారు?"

"ఇదివరకు భోజనం దగ్గర మంత్రివర్గం గురించి మాట్లాడేవాడివి కాదుగా."

అతనికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. బడి వదిలేసరికి వాన పట్టుకుంది. ఆటసామాన్లు పెట్టే రేకుల షెడ్డు కింద ఆమె ఒక్కతే నిలబడి ఉంది.

"వదిన మాట్లాడినట్టు నాకు తెలీదండీ. ఒట్టు."

"అంటే ఆవిడ చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"మరి?"

"నిజమే. కానీ నేను చెప్పమనలేదు." ఏ మాట అన్నా తప్పయ్యేలా ఉంది అతనికి. "మీకు నచ్చానో లేదో అడగకుండానే ఖాయం అనడం నాకూ నచ్చలేదు."

ఆమె ముఖంలో బిగువు కాస్త సడలింది. "నాక్కోపం వచ్చింది దానికే. అడిగితే వేరే సంగతి."

"అయితే అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె జవాబు చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే రేకుల మీద వాన విరుచుకుపడింది. పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినబడటం లేదు. ఆపి మళ్లీ చెప్పమంటే ఎక్కడ కోపమొస్తుందోనని అతను తల ఊపాడు. ఆమె చెప్పడం ముగించి అతని వంక ప్రశ్నగా చూసింది. ఇంకా గట్టిగా ఊపాడు. ఆమె గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఒప్పుకుందో, కాదందో. ఇంటికి వెళ్లాక వదిన అడిగితే "ఏదో చెప్పింది" అన్నాడు.

మర్నాడు ప్రార్థనకు ముందు ఆమె తనే ఎదురొచ్చింది. "మా నాన్నగారు సరేనన్నారు. మీరు ఒప్పుకున్నారంటే మొదట ఆయన నమ్మలేదు."

"నేను దేనికి ఒప్పుకున్నాను?"

ఆమె ఆగిపోయింది. "మీకు వినబడలేదా?"

"వాన."

"మరి తల అలా ఊపారేం?"

"మీరేం చెప్పినా సరేననిపించింది."

ఆమెకు నవ్వొచ్చింది, దాన్ని మింగేసింది. "తెలియకుండా ఒప్పుకుంటే చెల్లదండీ. మళ్లీ అడుగుతాను, వినండి. మీరు నాకిష్టమే. కానీ ఈ ఏడాది అవగానే బడి వదిలేస్తున్నాను. లా చదవాలి, వేరే ఊళ్లో సీటొచ్చింది. మూడేళ్లు. పెళ్లి ఆ తర్వాతే. ఆగగలరా?"

ఈసారి అతను తల ఊపలేదు. ఆమె లేని స్టాఫ్ రూము, కిటికీ పక్కన ఖాళీ కుర్చీ కళ్లముందు కదిలాయి.

"సెలవులకు వస్తారా?"

"వస్తాను."

"ఫోన్లో కూడా వాదిస్తారా?"

"రోజూ."

"అయితే ఆగుతాను" అన్నాడు. అది గ్రౌండులో పిల్లలతో మాట్లాడే గొంతని అతనికి తెలియలేదు. వరుసల్లో నిలబడ్డ బడి మొత్తం ఇటు తిరిగింది.

"ఇప్పుడు అందరికీ వినబడింది" అని ఆమె ఎర్రబడిన ముఖంతో వచ్చి అతని పక్కనే నిలబడింది.