10:47కి తెరుచుకున్న తలుపు

ఉదయం 10:42. ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే రోబో చెయ్యి ఫిట్టర్ ఛాతీని బలంగా కొట్టింది. 10:57కి అతని ప్రాణం పోయింది.

ఆ రోబో చుట్టూ ఇనుప కంచె ఉంది. కంచె తలుపు తెరవగానే సెన్సర్ కబురు చెబుతుంది, ప్రోగ్రామ్ చేతిని ఆపేస్తుంది. ఇవాళ ఆపలేదు.

"ఇంకా ఆలోచన దేనికి సార్?" అన్నాడు సూపర్‌వైజర్, విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టర్‌తో. "నిన్న సాయంత్రం ప్రోగ్రామ్ మార్చింది ఈ అమ్మాయే. తీసుకెళ్లండి."

ప్రోగ్రామర్ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"చెయ్యి వేగం మాత్రమే మార్చాను సార్. తలుపు జోలికే పోలేదు."

ఇన్‌స్పెక్టర్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'తూకం' అంటారు. అమ్మేవాడు తొందరపెడితే సరుకులో పుచ్చుందని అతని లెక్క.

"పెట్టె ఇరుక్కుంటే ఏం చేస్తారు?" అడిగాడు సూపర్‌వైజర్‌ని.

"తలుపు తీసుకుని లోపలికెళ్లి సరిచేస్తాం."

"రోజుకి ఎన్నిసార్లు?"

"నలభైకి తగ్గదండీ."

"అమ్మా, రోబో రాసుకునే లాగ్ తెరువు."

ఆమె తెరిచింది. సోమవారం ఉదయం నుంచి ప్రమాదం జరిగేదాకా తలుపు మూసే ఉందని రాసి ఉంది. ఇవాళ గురువారం.

"ఈ అమ్మాయి నిన్న చెయ్యి పెట్టింది. తలుపు సోమవారం నుంచే అబద్ధమాడుతోంది. మీవాళ్లు కంచె దూకి వెళ్తున్నారా?"

"సెన్సర్ పాడైందేమో సార్."

"పాడైంది దానంతటదే బాగుపడుతుందా?" తూకం ఆఖరి వరుస మీద వేలు పెట్టాడు. '10:47. తలుపు తెరుచుకుంది.' "ఫిట్టర్ 10:42కే లోపల ఉన్నాడు. అంటే తలుపు అప్పటికే తీసుంది. తీసున్న తలుపు మళ్లీ తెరుచుకోవడమేమిటి?"

ప్రోగ్రామర్ గభాలున లేచింది.

"అయస్కాంతం సార్! సెన్సర్‌కి అంటిస్తే తలుపు మూసే ఉందనుకుంటుంది. అది పీకేస్తేనే నిజం రాస్తుంది."

"10:47కి పీకారన్నమాట. అతన్ని మోసుకెళ్లినవాళ్లు వచ్చింది 10:50కి. అప్పటిదాకా అక్కడున్నది మీరొక్కరేనట."

సూపర్‌వైజర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నలభైసార్లు ఆగుతుంటే పని ఎప్పటికి తెములుతుంది సార్? వాడూ సరేనన్నాడు..."

"10:47కి వాడు ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడు," అన్నాడు తూకం. "అక్కడ నువ్వు ముందు తీయాల్సింది మనిషినా, అయస్కాంతాన్నా?"