నాన్న పాట కోసం వచ్చినవాడు

"పాట ఏది?" అని అడిగింది నజ్లా.

స్టూడియో తెర మీద ఆమె అక్క గోరింటాకు వేడుక నడుస్తోంది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. చప్పుడు మాత్రం లేదు.

ఎడిటింగ్ చేసే వగ్దీ తల గోక్కున్నాడు. "సీడీలో కనిపించిన పన్నెండు ఫైళ్ళూ కాపీ చేశానండీ. ఎడిటింగ్‌లోకి తెద్దామంటే ఒక్కటీ రాలేదు. అవి పాటలు కావు. పాట సీడీలో ఎక్కడుందో చెప్పే చిరునామాలట."

"అంటే మా నాన్నని ఉంచుకోమంటే చిరునామా రాసుకుని పంపించేశారు. సీడీ తిరిగిస్తూ, మా మెషిన్ స్పీడు చూశారా అన్నది ఎవరు, ఇంజనీరుగారూ?"

"నేనే."

"నిజం చిరునామాకి వెళ్ళుంటే కనీసం టీ అయినా ఇచ్చేవాళ్ళు."

అతనికి నవ్వొచ్చింది. ఆమె కళ్ళు చూసి ఆపుకున్నాడు. సిమ్‌సిమియ్యా తంతులు మీటుతూ నాన్న పాడిన పాట ఆ ఒక్క సీడీలోనే ఉంది. నాన్న లేడు. అక్క శనివారం భర్తతో మస్కట్ వెళ్ళిపోతోంది. ఆ పాటతోనే వీడియో ఆమె చేతిలో పెట్టాలి.

"సీడీ మళ్ళీ తెచ్చివ్వండి. ఈసారి పాటనే పూర్తిగా వేవ్ ఫైలుగా తీస్తాను."

"నానమ్మ ఒకసారి ఇవ్వడమే గొప్ప. ఇక గడప దాటనివ్వదు. మీ స్పీడు మెషిన్‌నే రేపు మా ఇంటికి తీసుకురండి."

మర్నాడు, గురువారం సాయంత్రం వగ్దీ కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఉత్తి చేతులతో వెళ్ళడం బాగుండదని కేకుల పెట్టె కొన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. సెంటు మాత్రం ఎందుకు పూసుకున్నాడో అతనికే తెలియదు.

తలుపు తీసిన నానమ్మ ఇన్‌షిరాహ్ చొక్కా చూసింది, కేకుల పెట్టె చూసింది. ఆ ఊళ్ళో ఆ వేషంలో కుర్రాడు వచ్చేది ఒక్క పనికే.

"మీ అమ్మేది అబ్బాయ్? పిల్లనడగడానికి ఒక్కడివే వస్తావా?"

వగ్దీ నజ్లా వైపు చూశాడు, కాపాడమన్నట్టు. ఆమె తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి జారుకుంది.

"హాజ్జా," అన్నాడు పెద్దావిడని పిలిచే మర్యాదతో, "నేను వచ్చింది..."

"కూర్చో. ఆ దుప్పట్లో ఏముంది?"

"కంప్యూటరండీ."

"అందరూ బంగారం తెస్తారు. సరే, కాలం మారింది. సిగరెట్లు కాలుస్తావా?"

"లేదండీ. సీడీ కావాలండీ."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది.

నజ్లాయే సీడీ తెచ్చింది. వగ్దీ దాన్ని కంప్యూటర్‌లో పెట్టాడు. పాట కాపీ సగం దాటి, అరవై ఒక్క శాతం దగ్గర ఆగిపోయింది. నజ్లా నవ్వూ ఆగింది. వగ్దీ సీడీ తీసి, సబ్బునీళ్ళలో తడిపి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తుడిచాడు. చదివే వేగం బాగా తగ్గించి మళ్ళీ పెట్టాడు.

"మీ మెషిన్‌కి ఇంత నిదానం కూడా వచ్చా?" అంది నజ్లా. గొంతులో ఎగతాళి లేదు.

"ఈ పాటకి తొందరపడను."

అరవై రెండు. అరవై మూడు. ముగ్గురూ ఆ అంకెనే చూస్తున్నారు. నూరయ్యాక అతను ఫైలు మీద నొక్కాడు. ఒక చిన్న దగ్గు, ఆ వెంటనే నాన్న గొంతు.

"ఆ దగ్గు తీసెయ్యనా?" అని మెల్లగా అడిగాడు.

"తీస్తే చెయ్యి విరుస్తా," అంది నానమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

పాట అయిపోయింది. వగ్దీ లేచి నిలబడ్డాడు. "హాజ్జా, మీ దగ్గర అబద్ధం ఆడలేను. నేను పాట కోసమే వచ్చాను."

నజ్లా ముఖం వాడిపోయింది.

"కానీ ఇప్పుడు పాట ఒక్కటే తీసుకుని వెళ్ళాలంటే మనసొప్పడం లేదు. నజ్లాకి ఇష్టమైతే అమ్మతో వస్తాను."

నానమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఏమంటావే?"

"మెషిన్ ఇంట్లో వదిలేసి రమ్మను," అంది నజ్లా తల వంచుకుని.

నానమ్మ నవ్వలేదు. శనివారం వెళ్ళిపోయే పెద్ద మనవరాలి గురించే ఆలోచిస్తోంది. "ఒకదాన్ని సముద్రాలు దాటిస్తున్నాను. నీ ఇల్లెక్కడ?"

"ఓడల కాలువకి అవతల గట్టున. రేవు పడవలో పది నిమిషాలు."

"అర్ధరాత్రి నాకు దిగులేస్తే?"

"పడవ రాత్రంతా తిరుగుతుంది హాజ్జా. టికెట్ కూడా అక్కర్లేదు."

నానమ్మ అప్పటిదాకా ముట్టని కేకుల పెట్టె ముడి విప్పింది.