పేగు కావలి

2086 నాటికి భీమిలి తీరానికి మూడు మైళ్ళ దూరంలో, సముద్రం మీద తేలే పేటలో నలభై వేల మంది కాపురముంటున్నారు. కరెంటు అలల నుంచి వస్తుంది. కూరగాయలు మిద్దెల్లో, మట్టి లేకుండా పెరుగుతాయి. భోజనానికి కూర్చుంటే వడ్డించడానికి మరబొమ్మ వస్తుంది. మొదట్లో దాన్ని 'చాలు' అనగానే ఆగిపోయేలా తయారుచేశారు. నెల తిరక్కుండా సగం బొమ్మలు వాపసు వచ్చాయి. మర్యాద తెలియని యంత్రమని ఫిర్యాదు. ఇప్పుడొచ్చే బొమ్మలకు 'బలవంతం' అనే మీట ఉంది. మూడుసార్లు వద్దంటే గానీ గరిటె వెనక్కి తీయవు. యంత్రాలు మారినంత తేలిగ్గా మనుషులూ మారతారని ఇంజనీర్లు ఎందుకు ఆశపడతారో మరి!

ఆ పేటలో అలల టర్బైన్లు బాగుచేసే మెకానిక్కు పైడిరాజు. ముప్పై ఆరేళ్ళవాడు. ఇరవై రెండో ఏట నుంచి క్రోన్స్ వ్యాధితో అవస్థ పడుతున్నాడు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరపాటున పేగు మీద పడి, అక్కడక్కడా వాపూ పుళ్ళూ తెప్పిస్తుంది. ఇదివరకే ఒకసారి ముప్పై సెంటీమీటర్ల పేగు కోసి తీశారు. ఈసారి కూడా వాపు తగ్గకపోతే మరికొంత తీసి, పొట్ట పక్కన మలం పోయే సంచి అమర్చాలన్నారు. సంచి ఉన్నవాళ్ళను టర్బైన్ల దగ్గరికి, సముద్రం అడుక్కి దిగనివ్వరు. ఆ పని తప్ప పైడిరాజుకు మరొకటి రాదు, వచ్చినా చెయ్యాలని లేదు.

మందులు వాడుతూనే ఉన్నాడు. సలహాలకూ కొదవ లేదు. కలబంద రసం తాగమని ఒకరు, పచ్చి కూరలే తినమని ఒకరు, వారానికి మూడు రోజులు లంఖణం చెయ్యమని ఇంకొకరు. చెప్పిన ప్రతివాళ్ళకూ బాగా తెలిసినవాళ్ళెవరికో దాంతోనే తగ్గిందట. పాపం, పైడిరాజు అన్నీ చేశాడు.

ఈ గందరగోళం తేల్చడానికే డాక్టర్ ఇందీవర 'పేగు కావలి'ని కనిపెట్టింది. వడ్లగింజంత సెన్సర్. మింగితే పేగు గోడకు అతుక్కుని, అక్కడి వాపునూ సూక్ష్మజీవుల సంగతినీ గంటగంటకూ పంపుతుంది. దానికి తోడు వేలికో ఉంగరం. కంచం మీద చెయ్యి చాపితే వంటకాన్ని వాసన పట్టి, ఆ మనిషి పేగుకు పడుతుందో పడదో చెవిలో పెట్టుకున్న బుల్లి స్పీకరు ద్వారా చెబుతుంది. అది మింగిన పైడిరాజుకు కొర్ర గంజి పడింది, ఉడికించిన చేప పడింది, పలచటి మజ్జిగ పడింది. కలబంద పడలేదు. వేపుళ్ళు, పచ్చి ఉల్లి అసలు పడలేదు. ఆస్పత్రిలో పక్క మంచం రోగికి మాత్రం ఆ మజ్జిగతోనే పేగు మండిపోయింది. అందరికీ ఒకే పథ్యం కుదరదని కళ్ళారా చూసిన రోజు ఇందీవర సంతోషం పట్టలేకపోయింది.

కానీ నాలుగు నెలలైనా పైడిరాజుకు వాపు తగ్గలేదు. ఆమె అతన్ని పిలిచి తెర మీద గీతలు చూపించింది.

"సోమవారం నుంచి శనివారం దాకా బాగానే ఉంది. ఆదివారం సాయంత్రానికి ఎర్ర గీత. ప్రతి ఆదివారం! సెన్సర్ తప్పు చెబుతోందా?"

"దానిదేటి తప్పు లేదండి," అన్నాడు పైడిరాజు తల వంచుకుని. "వద్దు, వద్దు అని సెవిలో మొత్తుకుంటానే ఉంటాది."

"మరి?"

"ఆదోరం మా సూరీడమ్మక్క ఇంటికాడ బోజనమండి. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. బొమ్మని మూల నిలబెట్టీసి, సొంత సేత్తో కోడి వేపుడు ఏసి 'తిను నాన్నా' అంటే నా నోటికి వద్దు రాదండి."

"మీకిది పడదని ఆవిడకి చెప్పలేదా?"

"పద్నాలుగేళ్ళ బట్టి సెప్తన్నాను. ఒక్క ముక్కకేటవుద్ది అంటాది."

ఇందీవర మిగతా రోగుల వివరాలన్నీ తిరగేసింది. ఒకరికి పెళ్ళిభోజనం, ఒకరికి ఆఫీసు విందు, ఒకరికి అత్తగారు. యంత్రం ఎవరికీ తప్పు చెప్పలేదు. ఎవరూ దాని మాట విననూ లేదు. పేగును అక్షరం పొల్లుపోకుండా చదివిన మనిషికి, ఈ మొహమాటం ఏ అవయవంలో ఉంటుందో మాత్రం అంతుపట్టలేదు. రెండు వారాలు బుర్ర బద్దలుకొట్టుకుని చివరికి ఒక్కటే మార్పు చేసింది. చెవిలో గుసగుసలాడే గొంతును ఉంగరంలోకి మార్చి, పైకి వినబడేలా చేసింది.

తర్వాతి ఆదివారం గరిటె కంచం మీదికి రాగానే ఉంగరం, "పైడిరాజు గారి పేగు ఒప్పుకోదు," అంది.

సూరీడమ్మ ఉలిక్కిపడింది. "ఎవుర్రా అది?"

"డాక్టరమ్మ ఇచ్చిన మిషనక్కా."

"ఒక్క ముక్కేనమ్మా," అని ఆవిడ ఉంగరాన్నే బతిమాలింది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. వేపుడు వెనక్కి తీసుకెళ్ళి గంజి కాచింది. తమ్ముడు పద్నాలుగేళ్ళు నెత్తీనోరూ బాదుకున్నా ఎక్కని మాట, ఉంగరం చెబితే నిమిషంలో ఎక్కింది.

మూడు నెలల్లో వాపు దిగిపోయింది. పరీక్షలు చేసి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆ విజయం గురించి వ్యాసం రాద్దామని కూర్చుని ఇందీవర లెక్కలు తెరిచింది. పైడిరాజు సెన్సర్ నుంచి నలభై రోజులుగా ఏ సంకేతమూ లేదు. అది ఎప్పుడో ఊడి, పోవలసిన దారిన పోయింది. ఇక ఉంగరం దేన్ని చూసి చెబుతున్నట్టు?

అది ఆదివారం. పడవ పట్టుకుని తిన్నగా సూరీడమ్మ ఇంటికి వెళ్ళింది. లోపల బంధువులు పదిమంది భోంచేస్తున్నారు. "పేగు ఒప్పుకోదు," అంటోంది ఉంగరం. పైడిరాజును వసారాలోకి పిలిచి సంగతి చెప్పింది.

"నానే నొక్కుతన్నానండి," అన్నాడు అతను గొంతు తగ్గించి. "పక్కన గొంతు సరిసూసే మీట ఉంది గదా, అది నొక్కితే ఆ మాటే అంటాది. నాకేది పడదో ఎప్పుడో తెలిసిపోనాది. నోరే రాదు. అక్కకి సెప్పకండి డాక్టరమ్మా. ఉత్త ఉంగరమని తెలిస్తే మల్లీ వడ్డించీస్తాది. నా పేగు పోతాది."

ఆరేళ్ళ పరిశోధన, వడ్లగింజంత అద్భుతం, చివరికి పని చేసింది ఒక మీట! ఇందీవరకు నవ్వొచ్చింది, కొంచెం ఉక్రోషమూ వచ్చింది. "చెప్పనులెండి. రేపు వచ్చి కొత్త సెన్సర్ మింగండి," అంది.

సూరీడమ్మ ఆమెను భోంచెయ్యనిదే కదలనివ్వలేదు. అందరూ తిని చేతులు కడుక్కోవడానికి లేచాక, ఆవిడ నడుం పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది.

"డాక్టరమ్మా, అలాటి ఉంగరం నాకొకటి ఇప్పిస్తారా?"

"మీకూ పేగు బాధ ఉందా?"

"నాకేటమ్మా, రాళ్ళు తిన్నా అరిగిపోతాయి." ఆవిడ పెరటివైపు ఓసారి చూసింది. "పదేళ్ళ బట్టి ఆదోరం ఆదోరం పదిమందికి వండుతన్నాను. లెగనేకపోతన్నాను. ఈ వారం వండనేనని సెప్పడానికి నోరు రాదు. నడుం ఒప్పుకోదు అని అదంటే సాలు. నానన్నానని మాత్రం ఎవులికీ తెలీకూడదు."

ఆ మాట మీరే చెప్పొచ్చు కదా అనబోయి, ఇందీవర తన కంచంలోకి చూసుకుంది. చాలని మూడుసార్లు చెప్పాక పడిన నాలుగో ముక్క అందులో ఉంది.

"ఏ వేలికి కావాలి?" అని అడిగింది.